జీతం ఇస్తున్నారు, పని మాత్రం ఇవ్వడం లేదు

తొలిసంధ్య | సెప్టెంబరు 7, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. పద్నాలుగో ఏట నాకు చూపు పూర్తిగా పోయింది. డిగ్రీ పూర్తి చేసి, దివ్యాంగుల బ్యాక్‌లాగ్ పోస్టుల భర్తీలో జూనియర్ అసిస్టెంటుగా ఎంపికై ఒక జిల్లా కార్యాలయంలో చేరాను. చేరి తొమ్మిది నెలలైంది. ఇప్పటివరకు నా చేతికి ఒక్క ఫైలు రాలేదు.

ఉదయం పదిన్నరకు వెళతాను. అటెండరు వచ్చి నా చూపుడు వేలు పట్టుకొని హాజరు పట్టీలో నా గడి దగ్గర పెడతాడు. కింద స్కేలు ఆనించుకొని సంతకం చేస్తాను. రోజు మొత్తంలో నేను చేసే ఉద్యోగం అదొక్కటే. తర్వాత సాయంత్రం దాకా బీరువా పక్కన కుర్చీలో కూర్చుంటాను. కాగితాలు తిప్పుతున్న చప్పుడు, స్టాంపు కొడుతున్న చప్పుడు, కీబోర్డు చప్పుడు వింటూ ఉంటాను. అందరిదీ పని చప్పుడే.

సూపరింటెండెంటు గారు చెడ్డవారు కాదు. పని అడిగితే "నీకెందుకమ్మా ఈ తలనొప్పి, నెల నెలా జీతం పడుతోంది కదా" అంటారు. నాకు ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్ (కంప్యూటర్ తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వచ్చు. తెలుగులో, ఇంగ్లిషులో తప్పుల్లేకుండా టైపు చేస్తాను. కంప్యూటర్ అడిగితే బడ్జెట్ లేదన్నారు. సొంత ల్యాప్‌టాప్ తెచ్చుకుంటానంటే ఆఫీసు ఫైళ్ళు అందులో పెట్టకూడదన్నారు. "గొడవ పెట్టుకోకు తల్లీ, ఉన్న ఉద్యోగం పోతే ఎలా?" అని అమ్మ భయపడుతోంది.

పని ఇవ్వమని అడిగే హక్కు చట్టంలో ఉందా? అడిగితే ఉద్యోగానికి ముప్పు వస్తుందా?

---

పాతరికార్డు | సెప్టెంబరు 7, రాత్రి 10.25

అమ్మా, నేను ముప్పై నాలుగేళ్ళు సర్కారు కొలువు చేసి సూపరింటెండెంటుగా రిటైరయ్యాను. నీ పోస్టు రెండుసార్లు చదివాను. ఎందుకో చెబుతాను.

మా సెక్షన్‌లోకి కూడా చూపులేని ఒక అబ్బాయి వచ్చాడు. నేను అతన్ని టెలిఫోను దగ్గర కూర్చోబెట్టాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను. అతనితో పాటు చేరినవాళ్ళు ఫైళ్ళు నడిపి, పరీక్షలు రాసి, పైకి వెళ్ళారు. అతను ఎనిమిదేళ్ళు ఫోను దగ్గరే ఉన్నాడు. నోట్ ఫైలు, అంటే ఒక విషయం మీద ఆఫీసు అభిప్రాయం రాసి పై అధికారికి పంపే ఫైలు, ఎలా పెట్టాలో అతనికి నేర్పలేదు, ఎందుకంటే నేర్చుకుంటావా అని అతన్ని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ తప్పు నాది.

అందుకే నీకు ముందుగా ఒక మాట. నువ్వు ప్రొబేషన్‌లో ఉన్నావు. ప్రొబేషన్ అంటే పని నేర్చుకొని చూపించే కాలం. రేపు ఎవరైనా "ఈమె ఏ పని చేసింది?" అని అడిగితే చూపించడానికి నీ పేరు మీద పర్సనల్ రిజిస్టరు, అంటే నీకు వచ్చిన కాగితాలు, వాటి మీద నువ్వు చేసిన పని నమోదు చేసే పుస్తకం, ఉండాలి. నీకు కేటాయించిన సబ్జెక్టు ఫలానా అని ఆఫీసు ఉత్తర్వు ఉండాలి. ముందు అది అడుగు. నోటితో కాదు, కాగితం మీద. తపాలులో ఇచ్చి నంబరు వేయించుకో. ఆఫీసులో నంబరు పడని మాటకు విలువ ఉండదు.

---

నల్లకోటు | సెప్టెంబరు 8, ఉదయం 7.15

నేను సర్వీసు కేసులు చూసే న్యాయవాదిని. రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ అమ్మగారి నిద్ర చెడేది దాని వల్లే. సదుపాయాలు అడిగినందుకు మీ ఉద్యోగాన్ని ఎవరూ తీసేయలేరు. ఈ చట్టం పుట్టిందే మీరు అడగడానికి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 డిసెంబరులో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలవుతోంది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇప్పుడు ఇరవై ఒకటి. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ కనీసం 4 శాతానికి పెరిగింది. అందరికీ తెలిసింది ఇక్కడివరకే. ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచి ఏం జరగాలో చెప్పే సెక్షన్లను ఎక్కువ మంది చదవరు.

సెక్షన్ 20 ప్రకారం ఏ ప్రభుత్వ సంస్థా ఉద్యోగ విషయాల్లో దివ్యాంగులపై వివక్ష చూపకూడదు. అదే సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ ప్రతి ప్రభుత్వ సంస్థా దివ్యాంగ ఉద్యోగికి సహేతుకమైన సర్దుబాట్లు చేయాలంటుంది. రీజనబుల్ అకామడేషన్ అంటే ఇదే: మోయలేనంత భారం పడకుండా, ఆ మనిషి మిగతావారితో సమానంగా పని చేయడానికి కావలసిన మార్పులు చేయడం. ఆ సర్దుబాటు చేయకపోవడం కూడా వివక్షేనని చట్టం నిర్వచనంలోనే రాసి ఉంది. దయ చూపి కూర్చోబెట్టినా, కసితో కూర్చోబెట్టినా చట్టం దృష్టిలో ఫలితం ఒక్కటే.

సెక్షన్ 23 ప్రకారం మీ కార్యాలయంలో ఫిర్యాదుల పరిష్కార అధికారి ఒకరు ఉండాలి. ఫిర్యాదును రిజిస్టరులో నమోదు చేసి రెండు వారాల్లో విచారించాలి. అక్కడ తేలకపోతే జిల్లా స్థాయి కమిటీ ఉంది. ఆపైన రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్ ఉన్నారు, విచారణలో ఆయనకు సివిల్ కోర్టుకుండే అధికారాలు ఉంటాయి.

ఇంకొకటి. చూపులేనివారు న్యాయాధికారులు కాకూడదన్న మధ్యప్రదేశ్ నిబంధనను సుప్రీంకోర్టు 2025 మార్చి 3న కొట్టివేసింది. చూపులేని వ్యక్తి వాదనలు విని తీర్పు రాయవచ్చని దేశపు అత్యున్నత న్యాయస్థానం చెప్పాక, ఒక జిల్లా ఆఫీసులో నోటు పెట్టలేరని ఎవరైనా ఎలా అంటారు?

---

లేత్_మిషన్ | సెప్టెంబరు 8, ఉదయం 11.02

నాది ప్రైవేటు రంగం. ముప్పై నాలుగు మంది పని చేసే చిన్న వర్క్‌షాపు నడుపుతున్నాను. నా మాట కఠినంగా ఉంటే క్షమించండి, అడగకపోతే నాకు తెలియదు. ప్రభుత్వానికి జీతం ఇవ్వడం కష్టం కాదు. మాకు ఒక్కొక్క చేతి పనితో ఆర్డరు గట్టెక్కాలి. తిరిగే మిషన్ దగ్గర చూపులేని మనిషిని నిలబెట్టి రేపు చెయ్యి నలిగితే బాధ్యత ఎవరిది? ఈ చట్టం మాకూ వర్తిస్తుందా?

---

నల్లకోటు | సెప్టెంబరు 8, మధ్యాహ్నం 1.30

వర్తిస్తుంది అన్నా, కానీ ప్రభుత్వానికి వర్తించినంతగా కాదు. ఈ చట్టంలో నాకు బాధ కలిగించే చోటు ఇదే. సెక్షన్ 20 ప్రభుత్వ సంస్థలకు మాత్రమే. ప్రైవేటులో రిజర్వేషన్ తప్పనిసరి కాదు. సిబ్బందిలో కనీసం 5 శాతం దివ్యాంగులు ఉండేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలని సెక్షన్ 35 చెబుతుంది, అంతే.

అయినా రెండు విషయాలు మీకు వర్తిస్తాయి. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం రాసి కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. ఇరవై మంది, అంతకు పైగా ఉన్న ప్రైవేటు సంస్థలైతే ఏయే పనులకు దివ్యాంగులను తీసుకోవచ్చు, ఏ సదుపాయాలు ఇస్తారు అన్నవి అందులో రాయాలి, దాన్ని చూసుకోవడానికి ఒక అధికారిని పెట్టాలి. మీకు ముప్పై నాలుగు మంది కాబట్టి మీరూ రాయాలి. చట్టాన్ని మీరితే మొదటిసారి పదివేల రూపాయల వరకు, మళ్ళీ మీరితే యాభైవేల నుంచి ఐదు లక్షల వరకు జరిమానా ఉంది.

రెండోది సెక్షన్ 3. వైకల్యం కారణంగా వివక్ష చూపకూడదు. న్యాయమైన లక్ష్యం కోసం, తగినంత మేరకే ఆ పని చేశామని నిరూపిస్తే తప్ప. మిషన్ దగ్గర ప్రమాదం నిజమైతే మీకు ఆ సమాధానం ఉంది. కానీ ప్రమాదం ఉందని ఊహించుకోవడం వేరు, చూపించడం వేరు. ఒక మిషన్ దగ్గర కుదరదు కాబట్టి ప్యాకింగులో, స్టోర్సులో, లెక్కల్లో కూడా కుదరదనడం చెల్లదు.

---

మాటలగది | సెప్టెంబరు 8, రాత్రి 8.50

లేత్_మిషన్ అన్నా, నాకు పుట్టుకతోనే వినికిడి లేదు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మీ షాపులో మిషన్ ఆగినప్పుడు బజరు మోగుతుంది కదా? దానికి పక్కనే ఒక ఎర్ర దీపం కలిపించండి. నాలాంటివాడు మీ దగ్గర పని చేయడానికి చాలాసార్లు అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. పైగా ఆ రొద మధ్య వినికిడి ఉన్నవారికి కూడా దీపమే ముందు కనబడుతుంది.

నా అనుభవం చెబుతాను. మొదటి ఉద్యోగంలో రోజూ ఉదయం అందరూ నిలబడి మాట్లాడుకునే పదిహేను నిమిషాల సమావేశం ఉండేది. అందరి పెదవులూ కదిలేవి. నేను ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి తల తిప్పేలోపు మాట మూడో మనిషికి చేరేది. సమావేశం అయ్యాక "ఏమన్నారు?" అని అడిగితే పక్కన కూర్చునే అమ్మాయి "ముఖ్యమైనది ఏమీ లేదు" అనేది. ఏది ముఖ్యమో కాదో నిర్ణయించుకునే అవకాశం నాకు ఉండేది కాదు. సంవత్సరం చివర మదింపులో "బృందంతో కలవడు" అని రాశారు.

ఇప్పటి ఉద్యోగంలో చేరిన రోజే రాసి ఇచ్చాను: ప్రతి సమావేశం తెర మీదే జరగాలి, కింద మాటలు అక్షరాలుగా రావాలి, నిర్ణయాలను చివర రెండు వాక్యాల్లో టైపు చేయాలి. ఈ ఏర్పాటుకు వాళ్ళకు పైసా ఖర్చు కాలేదు. మనుషులు అవే తెలివితేటలతో ఉన్నారు, నేనూ అలాగే ఉన్నాను. మదింపులో మాత్రం ఆ వాక్యం మళ్ళీ రాలేదు.

ఒక సందేహం. మా కంపెనీ అమెరికాది. అక్కడి వికలాంగుల చట్టం ఇక్కడి శాఖలో నాకు పనికొస్తుందా?

---

డాలస్_తెలుగువాడు | సెప్టెంబరు 9, ఉదయం 6.20

తమ్ముడూ, పనికిరాదు. అమెరికా కంపెనీలో విదేశంలో పని చేసే అమెరికా పౌరులకు ఆ చట్టం వర్తిస్తుంది కానీ, హైదరాబాదు శాఖలో భారత పౌరుడికి వర్తించేది భారత చట్టమే. చాలామంది ఇక్కడ పొరపాటు పడుతున్నారు కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను.

నేను ఇక్కడ చక్రాల కుర్చీలో ఉద్యోగం చేస్తున్నాను. 1990 జులై 26న సంతకమైన ఇక్కడి వికలాంగుల చట్టం (ఏడీఏ) పదిహేను మంది, అంతకు పైగా ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థలకూ వర్తిస్తుంది. ఉద్యోగం ఇస్తున్నామని చెప్పే ముందు "నీకు వైకల్యం ఉందా?" అని అడగడానికి వీల్లేదు. "ఈ పని ఎలా చేస్తావు?" అని అడగవచ్చు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న తేడాలోనే నాకు ఉద్యోగం దొరికింది. సర్దుబాటు అడిగాక యజమాని, ఉద్యోగి కూర్చొని మాట్లాడుకోవాలి. ఇది కుదరకపోతే అది, అది కుదరకపోతే మరొకటి అని ఇద్దరూ వెతకాలి. గడువులు మాత్రం కఠినం. వివక్ష జరిగిన 180 రోజుల్లో, కొన్ని రాష్ట్రాల్లో 300 రోజుల్లో ఫిర్యాదు చేయకపోతే తలుపు మూసుకుపోతుంది.

తొలిసంధ్య గారూ, మీరు ఉత్తరం రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. "నాకు కనబడదు" అని మొదలుపెట్టకండి. "ఈ పని నేను ఇలా చేస్తాను, దానికి ఇది కావాలి" అని మొదలుపెట్టండి.

---

పేరు_వద్దు | సెప్టెంబరు 9, రాత్రి 11.48

నాది కంటికి కనబడని వైకల్యం. బైపోలార్, అంటే మనసు ఒకప్పుడు అతిగా ఉప్పొంగి, ఒకప్పుడు అతిగా కుంగిపోయే జబ్బు. మందులతో బాగానే ఉన్నాను. నిద్ర చెడితే జబ్బు తిరగబెడుతుంది కాబట్టి రాత్రి షిఫ్టు వద్దని అడగాలి. అడిగితే కారణం చెప్పాలి. చెబితే మర్నాటి నుంచి నా ప్రతి కోపాన్నీ, ప్రతి నవ్వునీ జబ్బు కిందే లెక్క వేస్తారు. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరానికి వెళితే నాకు 40 శాతం ఇస్తారో లేదో కూడా తెలియదు. నాలాంటివారికి చట్టం ఉన్నట్టా, లేనట్టా?

---

నల్లకోటు | సెప్టెంబరు 10, ఉదయం 7.05

ఉంది. 40 శాతం నిబంధన రిజర్వేషన్ వంటి వాటికి. వివక్ష నుంచి రక్షణకు, సర్దుబాటుకు ఆ గీత లేదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. రాస్తుంటే చెయ్యి బిగుసుకుపోయే అభ్యర్థికి సివిల్స్ పరీక్షలో రాతసహాయకుణ్ణి ఇవ్వమంటే, 40 శాతం లేదు కాబట్టి కుదరదన్నారు. కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు.

అదే ఏడాది డిసెంబరులో ఒక సీఆర్‌పీఎఫ్ అధికారి కేసులో, మానసిక వైకల్యం ఉన్న వ్యక్తిపై క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టడం పరోక్ష వివక్ష కావచ్చని చెప్పి, ప్రస్తుత పనికి తగడని తేలితే అతనికి జీతం తగ్గకుండా వేరే పోస్టు చూపించమంది.

చెప్పాలా వద్దా అన్నది మీ నిర్ణయం, నేను ఒత్తిడి చేయను. కానీ చెప్పకపోతే సర్దుబాటు చేయలేదని తర్వాత నిందించడం కష్టమవుతుంది. మీది ప్రైవేటు సంస్థయితే ముందు వారి సమాన అవకాశాల విధానం అడిగి తీసుకోండి. జబ్బు పేరు రాయకుండా "రాత్రి షిఫ్టు ఆరోగ్యరీత్యా తగదు" అని డాక్టరు ఇచ్చే కాగితంతో మొదలుపెట్టవచ్చు. ఆ కాగితాన్ని ఎవరెవరు చూడాలో కూడా ఉత్తరంలోనే రాయండి.

ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారు చదువుతుంటే వారికోసం ఒక మాట. ప్రభుత్వ ఉద్యోగైతే తీసేయడానికి, హోదా తగ్గించడానికి వీల్లేదు. అదే జీతంతో వేరే పని చూపించాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా ఉంచాలి. రంగులు గుర్తించలేడని పంపేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు తగిన వేరే ఉద్యోగం ఇమ్మని 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కేసు గెలిచింది ఈ చట్టంతో కాదు, 1979లో కార్మిక సంఘాలతో కుదిరిన ఒప్పందంతో. అందుకే మీ సంఘం పాత ఒప్పందాలను కూడా వెతకండి.

---

కొత్తచిగురు | సెప్టెంబరు 10, సాయంత్రం 5.10

తొలిసంధ్య అక్కా, ధైర్యంగా ఉండండి. మన శ్రీకాంత్ బొల్లా గారిని చూడండి. చూపు లేకపోయినా ఎంఐటీలో చదివి, కంపెనీ పెట్టి ఎంతోమందికి ఉద్యోగాలు ఇచ్చారు. మీరు కూడా సాధిస్తారు.

---

తొలిసంధ్య | సెప్టెంబరు 10, రాత్రి 9.15

చెల్లీ, నీ మంచి మనసుకు కృతజ్ఞతలు. ఆయనంటే నాకూ చాలా గౌరవం. కానీ పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి ఆయన కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. దాన్ని మనం ఆయన గొప్పతనంగా చెప్పుకుంటాం, నాకు మాత్రం ఆయనకు మూసుకున్న ఆ కళాశాల తలుపే గుర్తొస్తుంది. నేను కంపెనీ పెట్టను. నాకు ఒక మామూలు గుమాస్తాగా, తప్పు చేస్తే తిట్లు తినే, సరిగ్గా చేస్తే ఎవరూ పట్టించుకోని గుమాస్తాగా పని చేయాలని ఉంది.

ఉత్తరం రాశాను. పాతరికార్డు గారు చెప్పినట్టు సబ్జెక్టు కేటాయింపు, పర్సనల్ రిజిస్టరు అడిగాను. ఎన్‌వీడీఏ ఉచితం కాబట్టి ఆఫీసు కంప్యూటర్ ఒకటి, హెడ్‌ఫోన్లు చాలన్నాను. ఇంకొక్కటి కూడా రాశాను: సర్క్యులర్లు యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ కూడా తెలుగు అక్షరాలుగానే గుర్తించే పద్ధతిలో, ఇవ్వాలి. మా ఆఫీసులో ఇప్పటికీ అను ఫాంట్లలో టైపు చేస్తారు. కంటికి అవి తెలుగు అక్షరాలే. కంప్యూటర్ లోపల మాత్రం ఇంగ్లిషు గుర్తులు, నా స్క్రీన్ రీడర్ ఆ గుర్తులనే చదువుతుంది. "విషయం" అన్న మాట కూడా నా చెవికి అర్థం లేని గుర్తుల వరసగా చేరుతుంది. స్కాన్ చేసిన కాగితమైతే అది కూడా ఉండదు, ఖాళీ పేజీ అంటుంది.

సెక్షన్ 20, 23 రెండూ పేర్కొన్నాను. రేపు తపాలులో ఇస్తాను.

---

లేత్_మిషన్ | సెప్టెంబరు 14, ఉదయం 10.40

ఎర్ర దీపం పెట్టించాను. మా ఫోర్‌మన్ అడగకుండానే ఇంకో మిషన్‌కు కూడా పెట్టించమన్నాడు. విధానం కాగితం తయారు చేయిస్తున్నాను, నల్లకోటు గారికి ఒకసారి చూపిస్తాను. మిషన్ల విషయంలో నా భయం పూర్తిగా పోలేదు, అబద్ధం చెప్పను. స్టోర్సులో మాత్రం ఒకరిని తీసుకోవడానికి అభ్యంతరం లేదు.

---

తొలిసంధ్య | అక్టోబరు 6, రాత్రి 10.05

ఇన్నాళ్ళూ ఏమీ రాయలేదు, క్షమించండి. ఉత్తరం ఇచ్చిన రోజు సూపరింటెండెంటు గారు నొచ్చుకున్నారు. "నేను నిన్నేమైనా అన్నానా తల్లీ, సెక్షన్లు రాశావు" అన్నారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఉత్తరం వెనక్కి తీసుకుందామనిపించింది.

పదకొండో రోజు పై అధికారి పిలిచారు. ఆయన అన్న మాట ఒక్కటే: "నువ్వు టైపు చేస్తే నేను చూడాలి." ఆయన గదిలోనే ఒక కంప్యూటర్లో ఎన్‌వీడీఏ పెట్టాను. ఒక పాత అర్జీ చదివి వినిపించారు. వింటూ టైపు చేసి, ప్రింటు తీసి ఇచ్చాను. ఆయన చదివి, ఒక ఒత్తు తప్పు పోయిందన్నారు. ఆ తప్పు చూపించినందుకు నాకు ఎంత సంతోషమైందో మాటల్లో చెప్పలేను. తొమ్మిది నెలల్లో నా పనిలో తప్పు పట్టిన మొదటి మనిషి ఆయన.

ప్రజావాణి అర్జీల నమోదు నాకు కేటాయిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఈ సోమవారం మొదటి రోజు. ఒక పెద్దాయన కాగితం చాపారు. "తాతా, మీరు చదివి చెప్పండి, నేను రాసుకుంటాను" అన్నాను. ఆయనకు చదువు రాదు. అర్జీ ఎవరితోనో రాయించుకొచ్చారు. కాబట్టి కాగితం పక్కన పెట్టి ఆయన నోటితోనే చెప్పించుకున్నాను. పొలం గట్టు తగాదా. చివర సర్వే నంబరు దగ్గర కాగితం అవసరమైంది, అటెండరు చదివాడు. ఆ రోజు మొత్తం ఇరవై మూడు అర్జీలు నమోదు చేశాను.

అన్నీ కుదరలేదు. సర్క్యులర్లు ఇంకా అను ఫాంట్లలోనే వస్తున్నాయి, మార్పిడి చేసుకొని చదువుతున్నాను. ఫిర్యాదుల అధికారి ఎవరో ఇంకా ప్రకటించలేదు, దానికి గుర్తుచేస్తూ ఇంకో ఉత్తరం ఇచ్చాను. నంబరు వేయించుకున్నాను.

పాతరికార్డు గారూ, ఒక సందేహం. పర్సనల్ రిజిస్టరు చేతితో గడులు నింపాలి కదా. కంప్యూటర్లో పట్టికగా చేసి, నెలాఖరున ప్రింటు తీసి సంతకం పెట్టిస్తే తనిఖీలో ఒప్పుకుంటారా?

---

పాతరికార్డు | అక్టోబరు 6, రాత్రి 10.31

అలా చేయడానికి అనుమతిస్తూ మీ అధికారితో ఒక చిన్న నోటు మీద సంతకం చేయించుకో తల్లీ, దాని నకలు రిజిస్టరు మొదటి పేజీలో అతికించు. నెలాఖరు దాకా ఆగకు, ప్రతి శుక్రవారం ప్రింటు తీయి. పేజీ నంబర్లు వరసగా ఉండాలి, ఏ పేజీ మధ్యలో మార్చకూడదు. మీ ఆఫీసు రిజిస్టరులో గడుల శీర్షికలు ఏమున్నాయో అటెండరుతో చదివించి ఇక్కడ రాయి, పట్టిక ఎలా ఉండాలో రేపు పొద్దున చెబుతాను.